అనుమతి అక్కర్లేని మార్పు: శాన్ ఒనోఫ్రే అణు కేంద్రం మూతపడిన వైనం

2004 నవంబర్ 30న సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ కంపెనీ ఉపాధ్యక్షుడు డ్వైట్ నన్ జపాన్‌లోని మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్‌కు ఒక ఉత్తరం రాశారు. శాన్ ఒనోఫ్రే అణు విద్యుత్ కేంద్రం కోసం మిత్సుబిషి తయారు చేయడానికి ఒప్పుకున్న నాలుగు స్టీమ్ జనరేటర్ల గురించి ఆ ఉత్తరం. పాత యంత్రాలకూ కొత్తవాటికీ చాలా విషయాల్లో పోలికలున్నా, కొత్తవి పాతవాటికి నకళ్లు మాత్రం కావని ఆయన అందులో స్పష్టం చేశారు. మరుసటి ఏడాది మళ్లీ రాశారు. రెండు ఉత్తరాలనూ కలిపి చదివితే ఒక అనుభవజ్ఞుడి భయం కనిపిస్తుంది. రూపకల్పనలో ఎవరి కంటా పడని లోపం దూరితే గొట్టాలు అరిగిపోతాయని, అప్పుడు రెండు కంపెనీలూ తీరని నష్టం చూడవలసి వస్తుందని ఆయన ముందే హెచ్చరించారు.

ఈ ఉత్తరాలు సుమారు ఎనిమిదేళ్ల పాటు కంపెనీల ఫైళ్లలోనే ఉండిపోయాయి. 2013 మే 28న సెనేటర్ బార్బరా బాక్సర్ వాటిని బయటపెట్టారు. ఆ తర్వాత పదిరోజులకే, జూన్ 7న, శాన్ ఒనోఫ్రే రియాక్టర్లను శాశ్వతంగా మూసివేస్తున్నామని ఎడిసన్ ప్రకటించింది. అంతకు ముందు ఇదే కంపెనీ ఇవే యంత్రాల గురించి నియంత్రణ సంస్థ అయిన అణు నియంత్రణ కమిషన్‌కు చెప్పిన మాట వేరు. ఆకారంలో, అమరికలో, చేసే పనిలో కొత్తవి పాతవాటి లాంటివేనని, కాబట్టి ముందస్తు అనుమతి అక్కర్లేదని చెప్పింది.

శాన్ ఒనోఫ్రే కథను సాధారణంగా ఒక లెక్క తప్పిన కథగా చెబుతారు. కంప్యూటర్ నమూనా పొరబడింది, ఆవిరి వేగం అంచనాకు అందలేదు, గొట్టాలు ఒకదానితో ఒకటి రాసుకుని చిల్లులు పడ్డాయి అంటారు. అది నిజమే, కానీ సగం నిజం. పూర్తయిన రూపకల్పనను పరీక్షించడానికి పెట్టుకున్న ఒక నియమం రూపకల్పన జరిగే గదిలోకే వచ్చి కూర్చుని, ఏ పరిష్కారాన్ని ఎంచుకోవాలో, దేన్ని వదులుకోవాలో తానే తేల్చడం ఆ కథలో మిగతా సగం. అణు నియంత్రణ చరిత్రలో మనం శ్రద్ధగా చదవవలసిన భాగం అదేనని నా అభిప్రాయం.

ఆ నియమం అమెరికా సమాఖ్య నిబంధనల సంపుటిలో పదో శీర్షిక కింద, 50వ భాగంలో 59వ సెక్షన్. ఇంజనీర్లు దాన్ని ‘ఫిఫ్టీ ఫిఫ్టీనైన్’ అంటారు. 1962లో అణుశక్తి కమిషన్ దాన్ని తొలిసారి తెచ్చినప్పుడు దాని వెనకున్న ఆలోచన సబబైనదే. అణు కేంద్రం ఒకసారి కట్టి వదిలేసే కట్టడం కాదు. ఏటా వందల మార్పులు జరుగుతుంటాయి. పాత వాల్వు తయారుచేసిన కంపెనీ మూతపడుతుంది, పంపు మోటారు మార్చాలి, కేబుల్ దారి మళ్లించాలి, ఒక పద్ధతి తిరగరాయాలి. ప్రతిదానికీ వాషింగ్టన్ సంతకం కోసం ఆగితే మరమ్మతులు నిలిచిపోతాయి, భద్రతను మెరుగుపరిచే మార్పులు కూడా వరసలో నిలబడాలి. అందుకని, భద్రతా విశ్లేషణ నివేదికలో రాసి ఉన్న అంశాలను కూడా లైసెన్సు పొందిన కంపెనీ తనంతట తాను మార్చుకోవచ్చునని నియమం చెప్పింది. అయితే ఆ మార్పు అంతకు ముందు నియంత్రణ సంస్థ పరిశీలించని భద్రతా ప్రశ్నను లేవనెత్తకూడదు. లేవనెత్తుతుందా లేదా అన్నది తేల్చేది మాత్రం కంపెనీయే. రాతపూర్వకంగా కారణాలు నమోదు చేసి ఫైలులో పెట్టుకోవాలి. నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టర్లు తర్వాత వచ్చి కొన్నిటిని ఎంచుకుని చూస్తారు.

ఈ ఏర్పాటులోని బలహీనత 1990లలో కనెక్టికట్ రాష్ట్రంలోని మిల్‌స్టోన్ కేంద్రంలో బయటపడింది. ఇంధనం మార్చే ప్రతిసారీ అక్కడ రియాక్టర్‌లోని ఇంధనాన్నంతా ఒక్కసారిగా తీసి, వాడిన ఇంధనాన్ని ఉంచే నీటి కొలనులోకి మార్చేవారు. భద్రతా నివేదికలో ఆ కొలను చల్లదనానికి వేసిన లెక్కలు మామూలు పరిస్థితిలో మూడో వంతు ఇంధనానికే. జార్జ్ గలాటిస్ అనే ఇంజనీరు 1992లో ఈ తేడాను గమనించి సంస్థలో లేవనెత్తారు. ఏళ్ల తరబడి వినేవారు లేక 1995లో, అణుశక్తి కమిషన్ స్థానంలో వచ్చిన అణు నియంత్రణ కమిషన్‌కు పిటిషన్ పెట్టారు. 1996 మార్చిలో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి కథనం ప్రచురించింది. మిల్‌స్టోన్‌లోని మూడు రియాక్టర్లూ నిలిచిపోయాయి. వాటిలో మొదటిది మళ్లీ నడవనే లేదు. కాగితం మీద ఉన్న కేంద్రానికీ నేల మీద నడుస్తున్న కేంద్రానికీ మధ్య ఏళ్ల తరబడి దూరం పెరుగుతూ పోయినా కమిషన్‌కు తెలియలేదన్నది అందరికీ అర్థమైంది.

మిల్‌స్టోన్ దెబ్బతో కమిషన్ ఆ సెక్షన్‌ను తిరగరాసింది. 1999 అక్టోబర్‌లో ప్రకటించిన కొత్త రూపం 2001లో అమలులోకి వచ్చింది. ‘పరిశీలించని భద్రతా ప్రశ్న’ అన్న అస్పష్టమైన కొలబద్ద పోయి, దాని స్థానంలో ఎనిమిది ప్రశ్నలు వచ్చాయి. మార్పు వల్ల ప్రమాద సంభావ్యత పెరుగుతుందా, పరికరం విఫలమయ్యే అవకాశం పెరుగుతుందా, ఇంతకు ముందు ఊహించని రకం ప్రమాదానికి దారి ఏర్పడుతుందా, భద్రతా నివేదికలో వాడిన లెక్కింపు పద్ధతి నుంచి పక్కకు పోతున్నామా వంటివి అవి. ఒక్కదానికి ‘అవును’ అని జవాబొచ్చినా లైసెన్సు సవరణ కోరాలి. సవరణ కోరితే కమిషన్ నిపుణులు ముందుగా పరిశీలిస్తారు, ఆ పత్రాలు బహిరంగమవుతాయి, ప్రభావితులైన పౌరులు విచారణ కోరవచ్చు. కొత్త రూపంలో స్పష్టత పెరిగిందన్నది నిజం. కానీ అదే సమయంలో సడలింపు కూడా వచ్చింది. పాత నియమాన్ని అక్షరాలా చదివితే ప్రమాద అవకాశం ఏ కొంచెం పెరిగినా అనుమతి కావాలి. కొత్త నియమం ‘స్వల్పం కంటే ఎక్కువ’ పెరిగితేనే అంది. ఎంత పెరిగితే స్వల్పమో మొదట తూచేది మళ్లీ కంపెనీయే.

ఈ కొత్త నియమం అమలులోకి వచ్చిన మూడేళ్లకే శాన్ ఒనోఫ్రే తన స్టీమ్ జనరేటర్లను మార్చే పనికి ఒప్పందం చేసుకుంది.

లాస్ ఏంజెలెస్‌కూ శాన్ డియాగోకూ నడుమ, పసిఫిక్ తీరాన, క్యాంప్ పెండిల్టన్ సైనిక స్థావరం అంచున ఉంది ఆ కేంద్రం. చుట్టూ 80 కిలోమీటర్ల పరిధిలో 80 లక్షలకు పైగా జనం ఉంటారు. మొదటి యూనిట్ 1992లో ఆగిపోయింది. రెండు, మూడు యూనిట్లు 1983, 1984లలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఒక్కొక్కటి దాదాపు 1,100 మెగావాట్లది. రెండూ కంబస్షన్ ఇంజనీరింగ్ కంపెనీ రూపొందించిన పీడన జల రియాక్టర్లు.

ఈ రకం రియాక్టర్‌లో ఇంధనాన్ని తాకే నీరు మరగదు. దాన్ని తీవ్రమైన పీడనంలో ఉంచుతారు. ఆ వేడి నీరు స్టీమ్ జనరేటర్‌లోని వేల సన్నని గొట్టాల గుండా పోతుంది. గొట్టాల బయట ఉన్న వేరే నీరు ఆ వేడికి ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది. గొట్టాలు తలకిందులైన యు అక్షరం ఆకారంలో వంగి ఉంటాయి. శాన్ ఒనోఫ్రే గొట్టం వ్యాసం 19 మిల్లీమీటర్లు, గోడ మందం మిల్లీమీటరు కంటే కొద్దిగా ఎక్కువ. రేడియోధార్మికత ఉన్న నీటికీ లేని నీటికీ మధ్య ఉన్న సరిహద్దు ఆ సన్నటి గోడే. అది తెగితే రియాక్టర్ నీరు టర్బైన్ వైపుకు చేరుతుంది, అక్కడి నుంచి మందపాటి కాంక్రీటు కవచంతో పని లేకుండా బయటికి దారి దొరుకుతుంది. 1982లో న్యూయార్క్ రాష్ట్రంలోని గిన్నాలో, 1991లో జపాన్‌లోని మిహామాలో ఒక్కొక్క గొట్టం తెగింది. భద్రతా విశ్లేషణలు ఒక గొట్టం తెగడాన్ని ఊహించి లెక్కలు కడతాయి. ప్రధాన ఆవిరి పైపు పగిలిన సమయంలో చాలా గొట్టాలు ఒకేసారి తెగడం ఆ లెక్కల్లో లేనిది. ఇంజనీర్లు భయపడేది దానికే.

శాన్ ఒనోఫ్రే పాత జనరేటర్లలో గొట్టాలు అల్లాయ్ 600 లోహంతో చేసినవి. నలభై ఏళ్లు మన్నుతాయనుకున్న ఆ లోహం ప్రపంచమంతటా పగుళ్లిచ్చి పరిశ్రమను నిరాశపరిచింది. డజన్ల కొద్దీ కేంద్రాలు జనరేటర్లు మార్చుకున్నాయి, ఎక్కువ చోట్ల ఆ పని సజావుగానే సాగింది. శాన్ ఒనోఫ్రేలో కూడా మార్పు తప్పలేదు. 2005 డిసెంబర్‌లో కాలిఫోర్నియా ప్రజా వినియోగ సేవల కమిషన్ 68 కోట్ల డాలర్ల పరిమితితో ఆ ఖర్చుకు ఒప్పుకుంది. అంటే డబ్బు విషయంలో బహిరంగ విచారణ జరిగింది. రూపకల్పన విషయంలో జరగలేదు.

ఇప్పుడు మార్పులేమిటో చూద్దాం. కొత్త గొట్టాలకు పగుళ్లను బాగా తట్టుకునే అల్లాయ్ 690 ఎంచుకున్నారు. ఆ లోహంలో వేడి కాస్త నెమ్మదిగా ప్రవహిస్తుంది, కాబట్టి అదే వేడిని పంపాలంటే ఉపరితలం పెరగాలి. యంత్రం బయటి కొలతలు మాత్రం పెరగడానికి వీల్లేదు, పాతదాని చోటులోనే ఇమడాలి. పాత జనరేటర్ మధ్యలో గొట్టాల పలకను మోసే ఒక లావుపాటి ఉక్కు స్తంభం ఉండేది. పందిరికి నడిమి గుంజ ఎలాంటిదో ఆ స్తంభం అలాంటిది. దాన్ని తీసేసి, పలకను మందం చేసి, ఖాళీ అయిన మధ్య భాగంలో కూడా గొట్టాలు నింపారు. ఒక్కో జనరేటర్‌లో గొట్టాలు 9,350 నుంచి 9,727కు పెరిగాయి. అంటే 377 గొట్టాలు అదనం. వేడిని బదలాయించే ఉపరితలం 11 శాతం పెరిగింది. గొట్టాలను నిలబెట్టే పాత గుడ్ల అట్ట తరహా జాలీలు పోయి, మూడు రెక్కల రంధ్రాలున్న పలకలు వచ్చాయి. పైన వంపు దగ్గర కంపనాన్ని ఆపే కమ్మీల అమరిక మారింది.

వీటిలో ప్రతి మార్పుకూ విడిగా చూస్తే మంచి కారణమే ఉంది. అన్నీ కలిసినప్పుడు యంత్రం లోపల ఆవిరి నడిచే తీరు మారిపోయింది. గొట్టాల వంపుల్లో కొన్ని చోట్ల మిశ్రమంలో 99 శాతానికి పైగా ఆవిరే, నీరు దాదాపు లేదు. గొట్టాన్ని అంటుకుని ఉండే పలుచటి నీటి పొర దాని కంపనాన్ని మింగుతుంది. ఆ పొర ఎండిపోయి, ఆవిరి వేగం కూడా పెరిగితే ప్రవాహమే గొట్టాన్ని ఊపడం మొదలుపెడుతుంది. ఒక హద్దు దాటాక ఆ ఊపు తనంతట తానే పెరుగుతూ పోతుంది. ద్రవ స్థితిస్థాపక అస్థిరత అని దీనికి పేరు. ఈ ప్రమాదం పరిశ్రమకు తెలియనిది కాదు. కానీ అప్పటివరకు అణు కేంద్రాల్లోని యు గొట్టాల్లో అది వంపు తలానికి అడ్డంగా మాత్రమే వస్తుందని నమ్మేవారు. కంపనాన్ని ఆపే కమ్మీలు ఆ దిశనే కాపు కాస్తాయి. వంపు తలంలోనే గొట్టం ముందుకూ వెనక్కూ కదిలితే దాన్ని ఆపేది కమ్మీకీ గొట్టానికీ మధ్య ఉండే రాపిడి ఒక్కటే.

మిత్సుబిషి తన సొంత కంప్యూటర్ ప్రోగ్రాం ఫిట్-3తో ఆవిరి వేగాలను లెక్కించింది. తర్వాత కమిషన్ దర్యాప్తు బృందం మరో ప్రోగ్రాంతో పోల్చి చూస్తే ఆ అంచనాలు మూడు నాలుగు రెట్లు తక్కువని తేలింది. అయినా ఆ తక్కువ అంచనాల్లో సైతం ఆవిరి పాలు అసాధారణంగా ఎక్కువగా కనిపించింది. ఎడిసన్, మిత్సుబిషి ఇంజనీర్లు ఉమ్మడిగా ఏర్పాటు చేసుకున్న కమ్మీల రూపకల్పన బృందం దీన్ని గమనించింది. ఆవిరి పాలును తగ్గించే మార్గాలను చర్చించింది. చర్చించి, వాటిని పక్కన పెట్టింది. ఒక్కో మార్గానికీ ఒక్కో చిక్కు ఉందనుకుంది. మిత్సుబిషి మూలకారణ నివేదిక 2013లో బహిరంగమైనప్పుడు ఆ చిక్కుల జాబితాలో ఒకటి చదువరులను నివ్వెరపరిచింది. ఆ మార్పులు చేస్తే, ముందస్తు అనుమతి అక్కర్లేదని 59వ సెక్షన్ కింద సమర్థించుకోవడం కష్టం కావచ్చునన్నదే ఆ చిక్కు.

రాజకీయ నాయకుల ఆరోపణగా కాక, తయారీదారు సొంత నివేదికలోని మాటగా దీన్ని చదవాలి. దీనికి బలమిచ్చే మరో సాక్ష్యం కూడా ఉంది. ఎడిసన్ ఇంజనీరు ఒకరు, మిత్సుబిషి ఇంజనీరు ఒకరు కలిసి రాసిన వ్యాసం 2012 జనవరిలో న్యూక్లియర్ ఇంజనీరింగ్ ఇంటర్నేషనల్ పత్రికలో వచ్చింది. నియంత్రణ సంస్థ ముందస్తు ఆమోదం లేకుండా, 59వ సెక్షన్ కిందే ఈ పని పూర్తి చేయాలన్నది ప్రాజెక్టుకు ప్రధాన ప్రాతిపదిక అని వారు అందులో దాపరికం లేకుండా రాశారు. వారి దృష్టిలో అది సాధించిన విజయం. పరీక్ష ఫలితం ఏమిటో తేలకముందే ఉత్తీర్ణత ఖాయమని తీర్మానించుకుని, దానికి అనుగుణంగా పాఠం రాసుకున్నారన్నది ఆ వాక్యం చెప్పకనే చెబుతుంది.

కోబేలో తయారైన యంత్రాలు, ఒక్కొక్కటి 600 టన్నుల పైబడిన బరువుతో, సముద్రం మీద వచ్చాయి. కాంక్రీటు కవచానికి కన్నం కోసి పాతవి తీసి కొత్తవి దించారు. రెండో యూనిట్ పని 2010 మొదట్లో, మూడో యూనిట్ పని 2011 మొదట్లో పూర్తయ్యాయి. కొన్ని సాంకేతిక నిర్దేశాల సవరణ కోసం ఎడిసన్ కమిషన్‌కు దరఖాస్తు పెట్టి ఆమోదం పొందింది. యంత్రం రూపకల్పన మాత్రం ఆ దరఖాస్తులో భాగం కాదు. 2009లో కమిషన్ నాలుగో ప్రాంతీయ కార్యాలయం ఇన్‌స్పెక్టర్లు ఎడిసన్ రాసుకున్న 59వ సెక్షన్ మూల్యాంకనాన్ని చూశారు. అభ్యంతరం నమోదు చేయలేదు.

2012 జనవరి 31 మధ్యాహ్నం మూడో యూనిట్ కంట్రోల్ రూములో రేడియేషన్ హెచ్చరిక మోగింది. ఒక గొట్టం కారుతోంది. రోజుకు సుమారు 75 గ్యాలన్లు, అంటే 280 లీటర్ల పైచిలుకు. లైసెన్సు అనుమతించే పరిమితిలో అది సగమే, కానీ పెరుగుతూ పోతోంది. సాయంత్రానికి ఆపరేటర్లు రియాక్టర్‌ను ఆపేశారు. గాలిలోకి వెళ్లిన రేడియోధార్మికత అత్యల్పం, ఎవరికీ హాని జరగలేదు. ఆపరేటర్లు తమ పనిని చక్కగా చేశారని ఇక్కడ చెప్పి తీరాలి. నలభై ఏళ్ల కోసం చేసిన యంత్రం పదకొండు నెలలకే ఆగిపోయింది.

లోపల చూసినవారికి కనిపించింది పరిశ్రమ అనుభవంలో లేనిది. 300కు పైగా గొట్టాలు పక్క గొట్టాలతో రాసుకుని అరిగాయి. అక్కడికక్కడే పీడన పరీక్ష పెట్టిన 129 గొట్టాల్లో ఎనిమిది తట్టుకోలేకపోయాయి. మామూలు పీడన భేదానికి మూడు రెట్లు తట్టుకోవాలన్నది ఆ పరీక్ష నియమం. ఒకే యూనిట్‌లో ఇన్ని గొట్టాలు ఆ పరీక్షలో విఫలం కావడం అమెరికా చరిత్రలో అంతకు ముందు లేదు. అప్పటికే ఇంధన మార్పిడి కోసం ఆగి ఉన్న రెండో యూనిట్‌లో ఈ రకం అరుగుదల రెండు గొట్టాలకే పరిమితమైంది. ఒకే రూపకల్పనకు ఇంత తేడా ఎందుకు? మూడో యూనిట్ యంత్రాలను మిత్సుబిషి మరింత కచ్చితమైన కొలతలతో తయారు చేసింది. కమ్మీలు గొట్టాలను తక్కువ బలంతో తాకాయి. రాపిడి తగ్గింది, గొట్టాలు వంపు తలంలోనే స్వేచ్ఛగా ఊగాయి. తయారీ మెరుగుపడినందుకే యంత్రం పాడైంది. అడ్డంగా వచ్చే కంపనం ఒక్కదాన్నే ఊహించుకున్న రూపకల్పనలో అలాంటి ఫలితం తప్పదు.

మార్చి 27న కమిషన్ ప్రాంతీయ కార్యాలయ అధిపతి ఎల్మో కాలిన్స్ ఎడిసన్‌కు ఒక నిర్ధారణ లేఖ పంపారు. కారణాలు తేల్చి, కమిషన్ ఒప్పుకునేదాకా ఏ యూనిట్‌నూ నడపకూడదన్నది దాని సారం. జూలైలో వచ్చిన ప్రత్యేక తనిఖీ బృందం నివేదిక లెక్కింపు నమూనాను తప్పుపట్టింది. అయితే అనుమతి కోరకపోవడం మొత్తంగా తప్పన్న నిర్ణయానికి మాత్రం రాలేదు. ఒక లెక్కింపు పద్ధతిని మార్చిన తీరు వంటి కొన్ని అంశాలను తేలని విషయాలుగా వదిలిపెట్టింది.

అక్టోబర్‌లో ఎడిసన్ ఒక ప్రతిపాదన తెచ్చింది. రెండో యూనిట్‌ను 70 శాతం సామర్థ్యంతో అయిదు నెలలు నడిపి, ఆపి, గొట్టాలను మళ్లీ చూస్తామని. ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ సంస్థ అప్పటికే కమిషన్ తలుపు తట్టింది. లేఖల మార్పిడి పేరుతో జరుగుతున్నది నిజానికి లైసెన్సు సవరణేనని, కాబట్టి బహిరంగ విచారణ తమ హక్కు అని దాని వాదన. కమిషన్ నవంబర్‌లో ఆ ప్రశ్నను అణు భద్రత, లైసెన్సింగ్ బోర్డుకు పంపింది. 2013 మే 13న బోర్డు ఆ వాదనను ఒప్పుకుంది. లైసెన్సు ప్రకారం గొట్టాలు పూర్తి సామర్థ్యం దాకా పటిష్టంగా ఉండాలి. 70 శాతానికే భరోసా ఇవ్వగలమంటే లైసెన్సు షరతు మారినట్టే. పైగా ఇలా నడిపి చూడటం భద్రతా నివేదికలో లేని ప్రయోగం. సిబ్బందికీ కంపెనీకీ మధ్య నడిచే ఉత్తరాలతో అలాంటి మార్పు జరగకూడదని బోర్డు తేల్చింది.

బహిరంగ విచారణ అంటే నెలలు కాదు, ఏడాదికి మించవచ్చు. ఆ అనిశ్చితిలో ఖర్చు పెట్టుకుంటూ కూర్చోలేమని ఎడిసన్ చెప్పింది. జూన్ 7 ప్రకటనతో దాదాపు 1,500 మంది ఉద్యోగుల కొలువు కరిగిపోవడం మొదలైంది. దక్షిణ కాలిఫోర్నియాకు 2,200 మెగావాట్ల కర్బన రహిత విద్యుత్తు శాశ్వతంగా పోయింది. అనుమతి ప్రక్రియ ఆలస్యమవుతుందన్న భయంతో దాన్ని తప్పించుకున్న ప్రాజెక్టు, చివరికి అదే ప్రక్రియ ముందు చేతులెత్తేసింది.

ఇక్కడ కమిషన్ పక్షాన ఉన్న వాదనను న్యాయంగా చెప్పాలి. ఎడిసన్ 2006లోనే లైసెన్సు సవరణ కోరి ఉంటే కమిషన్ నిపుణులు ఈ లోపాన్ని పట్టేవారా? వంపు తలంలో కంపనం వస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు, పరిశీలన ప్రమాణాల్లో అది లేనే లేదు. కాబట్టి పట్టేవారని ఖాయంగా చెప్పలేం. ఈ వాదనలో బలముంది. కానీ అది ప్రశ్నను కుదిస్తోంది. ముందస్తు పరిశీలనలో అడిగే ప్రశ్న ‘ఈ ఫలానా కంపనం వస్తుందా’ అని కాదు. ‘ఇంత ఆవిరి పాలు ఉన్న యంత్రం ఇంతకు ముందు ఎక్కడ నడిచింది, మీ ప్రోగ్రాంను ఏ ప్రయోగంతో సరిచూసుకున్నారు’ అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ 2006లోనే జవాబు చెప్పవలసి వచ్చేది. అంతకంటే ముఖ్యంగా, అనుమతి ఎలాగూ కోరుతున్నామన్న నిశ్చయంతో మొదలుపెట్టిన ఇంజనీర్లకు ఆవిరి పాలును తగ్గించే మార్గాలను వదులుకోవడానికి ఒక కారణం తగ్గేది. ఇన్‌స్పెక్టర్ ఎంత సమర్థుడైనా, బల్ల మీదకు రాకుండా పోయిన ప్రత్యామ్నాయాన్ని పరిశీలించలేడు.

కమిషన్ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2014 అక్టోబర్‌లో ఇచ్చిన నివేదిక ఈ దిశలోనే నడిచింది. ఎడిసన్ మూల్యాంకనంలోని బలహీనతలను గుర్తించే అవకాశాలు కమిషన్‌కు వచ్చాయని, వాటిని జారవిడుచుకుందని అది తేల్చింది. సవరణ కోరి ఉండాల్సిందేనని కమిషన్ సిబ్బందిలో కొందరే ఆ కార్యాలయానికి చెప్పారు, మరికొందరు కాదన్నారు. అంత అనుభవమున్నవారు తర్వాత కూడా ఏకాభిప్రాయానికి రాలేకపోతే, ఆ నిర్ణయాన్ని లబ్ధిదారు ఒక్కడి చేతిలో పెట్టడం ఎంతవరకు సబబు?

శిక్షల సంగతి చూస్తే అవి స్వల్పం. తయారీదారు రూపకల్పనను సరిచూడడంలో విఫలమైనందుకు ఎడిసన్ మీద కమిషన్ 2013 డిసెంబర్‌లో ‘వైట్’ స్థాయి ఉల్లంఘన నమోదు చేసింది. నాలుగు రంగుల కొలబద్దలో కింది నుంచి అది రెండోది. మిత్సుబిషికి నిబంధనలు పాటించలేదన్న నోటీసు వెళ్లింది. ఎడిసన్, దాని భాగస్వాములు మిత్సుబిషి నుంచి 750 కోట్ల డాలర్లకు పైగా కోరుతూ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్తే, 2017 మార్చిలో దక్కింది సుమారు 12.5 కోట్ల డాలర్లు. ఒప్పందంలోని బాధ్యతా పరిమితి మిత్సుబిషిని కాపాడింది. మిగతా భారంలో పెద్ద వాటా కరెంటు బిల్లులు కట్టేవారి మీద, వాటాదారుల మీద పడింది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో నిజమైన సంబంధమే ఉంది. మన దేశంలోని భారజల రియాక్టర్ల స్టీమ్ జనరేటర్లకు ఇంకొలాయ్ 800 గొట్టాలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు వెస్టింగ్‌హౌస్ ఏపీ 1000 రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. అవి కూడా పీడన జల రియాక్టర్లే, ఒక్కో రియాక్టర్‌కు రెండు పెద్ద స్టీమ్ జనరేటర్లు. ఇదే నమూనాతో జార్జియా రాష్ట్రంలోని వోగెల్‌లో కట్టిన రెండు యూనిట్లకు, రూపకల్పన ముందే ధ్రువీకరణ పొందినా, నిర్మాణ కాలంలో వందకు పైగా లైసెన్సు సవరణలు అవసరమయ్యాయి. కాగితం మీద పూర్తయిందనుకున్న నమూనా కూడా నేల మీద అన్ని సార్లు మారుతుందన్నమాట. ఆ సవరణల పత్రాలు ఎవరైనా చదవడానికి బహిరంగంగా ఉన్నాయి.

మన దగ్గర రూపకల్పన మార్పు ఆలస్యమైతే ఏమవుతుందో 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో చూశాం. టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, కేబుళ్లు కాలిపోయి, కేంద్రం దాదాపు 17 గంటలు కరెంటు లేకుండా ఉండిపోయింది. ఆ తరహా బ్లేడ్ల రూపకల్పనను మార్చాలని అసలు రూపకర్త జనరల్ ఎలక్ట్రిక్ టర్బైన్ తయారుచేసిన భెల్‌కు అప్పటికే సూచించింది. నరోరాలో మార్పు జరగకపోవడం, శాన్ ఒనోఫ్రేలో మార్పు జరిగిన తీరు. ఈ రెండింటిలోనూ ప్రశ్న ఒక్కటే: ఏ మార్పు ముఖ్యమైనదో ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద తేలుస్తారు?

కొవ్వాడ గురించి మన చర్చంతా భూసేకరణ, నష్టపరిహారం, పునరావాసం చుట్టూనే సాగింది. అవి ముఖ్యమైనవే. ఈ ప్రశ్న కూడా వాటి పక్కన చేరాలి. అక్కడ రియాక్టర్ కట్టే రోజే వస్తే, భద్రతకు సంబంధించిన ప్రతి రూపకల్పన మార్పు మూల్యాంకనాన్నీ యంత్రం బిగించక ముందే అణుశక్తి నియంత్రణ మండలి పరిశీలించాలి. అనుమతి అక్కర్లేదని తేల్చిన మార్పుల జాబితా సైతం, కారణాలతో సహా, ప్రజలకు అందుబాటులో ఉండాలి. శ్రీకాకుళం ప్రజాప్రతినిధులు, మన ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులు, పత్రికలు ఈ రెండు షరతులనూ ఇప్పుడే, ఒప్పందాల మీద సంతకాలు పడక ముందే అడగాలి.